మళ్ళీ రమ్మన్న మాట

ముఖేడ్ అవతలి ఊళ్ళలోకి తెల్లవారకముందే నీళ్ళు జొరబడిన ఏడు అది. నాందేడ్‌లో ఇప్పుడు ఏ సంగతి చెప్పినా ఆ నీళ్ళకు ముందా వెనకా అనే చెబుతున్నారు. అంబదాస్ కోడలు సాయలి దుకాణంలో అడుగు పెట్టింది ఆ నీళ్ళకు ముందు, ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో.

దుకాణం వజీరాబాద్ సందులో ఉంది. ఒకప్పుడు అంబదాస్ అక్కడే నేల మీద కూర్చొని రేకుల మీద, గుడ్డల మీద కుంచెతో అక్షరాలు రాసేవాడు. మరాఠీ, ఉర్దూ, తెలుగు, ఏది అడిగితే అది. కొడుకు గౌరవ్ చేతికి వచ్చాక ఫ్లెక్సు మిషిను వచ్చింది, కంప్యూటర్లు వచ్చాయి, బోర్డు మీద ‘క్రియేటివ్ ఏజెన్సీ’ అన్న మాట చేరింది. కోచింగ్ క్లాసుల ప్రకటనలు, కొత్త దుకాణాల గుర్తులు, పెళ్ళి పత్రికలు, ఫోన్లలో తిరిగే చిన్న చిన్న వీడియోలు, లీడర్ల పుట్టినరోజు బ్యానర్లు. అన్నీ అక్కడే తయారయ్యేవి.

అంబదాస్ ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మాట తక్కువ మనిషి. వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చేవాడు, లోపలికి చూసి గౌరవ్‌ను పిలిచేవాడు, మళ్ళీ రోడ్డు వైపు తిరిగేవాడు. చావింటి నుంచి ఎవరైనా వస్తే మాత్రం లేచి నిలబడేవాడు. ఇటు వైపు ఇంట్లో మనిషి పోతే ఊరి మలుపులో ఫొటో పెట్టి శ్రద్ధాంజలి బ్యానరు కడతారు. ఆ పని కోసం వచ్చినవాళ్ళతో గౌరవ్ మాట్లాడేవాడు కాదు, కంప్యూటర్ మీద కూర్చునే నిలేష్ మాట్లాడేవాడు కాదు. అది అంబదాస్ పని. మిషిను మీద ఎవరి బ్యానరున్నా సరే, దాన్ని ఆపించి ఈ పని ఎక్కించేవాడు. అయ్యాక చుట్టచుట్టి రెండు చేతులతో అందించేవాడు. వాళ్ళు మెట్లు దిగిపోయేదాకా నిలబడి ఉండేవాడు. ఒక్క మాట కూడా అనేవాడు కాదు.

తక్కిన పనులు మాత్రం ఆగమాగంగా ఉండేవి. ఒకరు గౌరవ్ ఫోనుకు పంపుతారు, ఇంకొకరు నిలేష్‌కు పంపుతారు, మూడోవాడు ఛాయ్ బండి దగ్గర గౌరవ్ కనబడితే నోటితోనే చెప్పి పోతాడు. ఎవరు ఏం చెప్పారో ఎవరికీ గుర్తుండదు. ఒకసారి ఒక కార్పొరేటరు పుట్టినరోజు బ్యానరు మర్నాడు తయారైంది. ఆయన మనుషులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“ఏం గౌరవ్ సేఠ్, అయిపోయిన పుట్టినరోజుకు బ్యానర్ కడ్తవా? వచ్చే ఏటిదాకా మీ ఇంట్ల మడతవెట్టి దాచు. వయసు ఒక్కటి దిద్దుకుంటే సరిపోతది.”

నిలేష్ నవ్వు ఆపుకోలేక మిషిను వెనక్కి పోయాడు. గౌరవ్ మొహం మాడిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సాయలి నోరు తెరిచింది. పెళ్ళికి ముందు ఆమె పుణెలో ఇలాంటి ఏజెన్సీలోనే పని చేసింది. నాందేడ్ తెలుగువాళ్ళ పిల్లే. “అందరు ఒక్క నంబరుకే పంపాలె. అచ్చిన పని అచ్చినట్టు గోడ మీద కనబడాలె. ఎవ్వల చేతిల ఉన్నదో చూస్తే తెల్వాలె. నేను చేస్తా,” అంది.

అత్త విమలాబాయి రొట్టె పళ్ళెంలో వేస్తూ అంది. “గోడకు కాయితాలు అతికిస్తే దుకాణం నడుస్తదా? ఇంట్ల ఉన్న పని ఎవ్వలు చెయ్యాలె? నాకు మోకాళ్ళు మండుతున్నయ్.”

“అవ్వ చెప్పేది నిజమే,” అన్నాడు గౌరవ్.

అంబదాస్ చెయ్యి కడుక్కుని లేచాడు. “చెయ్యనియ్,” అన్నాడు.

ఆ ఇంట్లో ఆయన మాట అనడమే అరుదు. అన్నాక కాదనడం లేదు. గౌరవ్ కాసేపు గొణిగి, “దసరా దాకా చూస్తా. గడ్‌బడ్ అయిందంటే మాత్రం ఇంట్లనే ఉండాలె,” అన్నాడు. సాయలి ఒప్పుకుంది.

పని మొదలుపెట్టింది. గోడ మీద గడులు గీసింది. వచ్చినవి, తయారవుతున్నవి, గిరాకీకి చూపినవి, మిషిను మీదున్నవి, ఇచ్చేసినవి. ఒక్కో పనికి ఒక్కో రంగు చీటీ. పని ముందుకు పోయిన కొద్దీ చీటీ ఒక గడి జరుగుతుంది. గిరాకీ ఫోన్‌లో చూసి సరే అననిదే మిషిను తిరగకూడదు. ఇచ్చేశాక కంప్యూటర్‌లో ఒక మీట నొక్కితే గిరాకీ ఫోనుకు తనంతట తానే ఒక సందేశం పోతుంది. సాయలిని మరాఠీలో ‘వహిని’ అని వదిన వరసతో పిలిచే నిలేష్ మొదట్లో వెక్కిరించాడు. “వహిని, నేను ఛాయ్ తాగనీకి పోతే ఏ రంగు చీటి అతికియ్యాలె?” అన్నాడు. కొన్నాళ్ళకు వాడే ఉదయం రాగానే బూట్లు విప్పకముందే గోడ వైపు చూడడం నేర్చుకున్నాడు. అరుపులు తగ్గాయి. పని మరిచిపోవడం లేదు. గౌరవ్ పైకి ఏమీ అనలేదు గానీ, ఛాయ్ బండి దగ్గర ఎవరైనా పని చెబితే “ఆ నంబరుకు పంపు భాయ్” అనడం మొదలుపెట్టాడు.

ఆ గడులు గీసే రోజుల్లోనే ఒక మధ్యాహ్నం సాయలి మామ దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“మామా, శ్రద్ధాంజలి పనికి ఏమేం వేరే ఉంటయో చెప్పుండ్రి. అట్లనే పెడ్తా.”

అంబదాస్ ఆలోచించాడు. “అది ముందుగాల కావాలె. వరుసల నిలవెట్టొద్దు.”

“సరే. ఇంకా?”

“అడుగున మన దుకాణం పేరు ఉండొద్దు.”

“ఇంకా?”

“అంతే.”

ఆమె అవి రెండూ రాసుకుంది. తెల్ల చీటీలు ఆ పనులకని విడిగా పెట్టింది. తెల్ల చీటీ వస్తే తక్కినవన్నీ ఆగాలని నిలేష్‌కు చెప్పింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. గోదావరి నిండి పారింది. ముఖేడ్ అవతల వాగు వెనక్కి తన్ని ఊళ్ళలోకి వచ్చింది. మనుషులు కప్పుల మీదికి ఎక్కారు. ఎక్కలేనివాళ్ళు పోయారు.

నీళ్ళు దిగుతున్న రోజుల్లో ఇద్దరు మనుషులు దుకాణానికి వచ్చారు. ఒకడు హన్మంతు, మునిగిన ఊళ్ళలో ఒక ఊరివాడు. నడి వయసు. ఒంటి మీద చొక్కా వేరేవాళ్ళది, భుజాలు జారి ఉంది. రెండోవాడు అతని బామ్మర్ది విశ్వేశ్వర్, నాయ్‌గావ్‌లో ఎరువుల దుకాణంలో పని చేస్తాడు. హన్మంతు భార్య రఖమాబాయి నీళ్ళలో పోయింది. శవం దొరికింది. అతని తల్లి జనాబాయి మాత్రం ఇంకా దొరకలేదు. ఎవరో పట్టుకుని ఏదో ఊరి బడిలో కూర్చోబెట్టారేమోనని హన్మంతు ఆశ.

అంబదాస్ లేచి నిలబడ్డాడు. నీళ్ళిచ్చాడు. గణపతి మండలి వాళ్ళ పెద్ద బ్యానరు మిషిను మీద సగం దిగి ఉంది. దాన్ని ఆపించాడు. ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి రఖమాబాయి మొహాన్ని నిలేష్ విడదీశాడు. విశ్వేశ్వర్ తన ఫోను నంబరూ, హన్మంతు నంబరూ ఇచ్చాడు. బ్యానరు అయింది. అంబదాస్ రెండు చేతులతో అందించాడు. వాళ్ళు వానలోనే పోయారు.

గౌరవ్ తెల్ల చీటీ తీసి ‘ఇచ్చేసినవి’ గడిలో అతికించాడు. అలవాటు కొద్దీ మీట నొక్కాడు.

తర్వాత కొద్ది రోజులకే వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. పండుగ దగ్గర పడింది. ముందు గది నిండా గణపతి మండలి పిల్లలు ఉన్నారు. హన్మంతు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. విశ్వేశ్వర్ పిల్లలను తోసుకుంటూ వచ్చి హన్మంతు ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు. పెట్టడం కాదు, కొట్టాడు.

“చదువుండ్రి. గట్టిగ చదువుండ్రి, అందరు వింటరు!”

గౌరవ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మరాఠీలో ఉంది. మీ పని మీకు అందింది, ధన్యవాదాలు, మళ్ళీ తప్పకుండా రండి, మీ సంతోషమే మా సంతోషం. చివర ఒక నవ్వు మొహం. గౌరవ్ పైకి చదవలేదు. చదవకపోయినా పక్కనున్న పిల్లలు తొంగి చూశారు.

“చావింటోనికి మల్ల రా అంటర్రా ఎవ్వలన్న?” విశ్వేశ్వర్ అరిచాడు. “మీకు అవ్వ అయ్య లేరా? మీ ఇండ్లల్ల ఎవ్వలు సావరా? నవ్వుకుంట రమ్మంటరా?”

అప్పుడు హన్మంతు లోపలికి వచ్చాడు. అతనికి కోపం లేదు. అదే చూడడానికి కష్టంగా ఉంది.

“మల్ల రమ్మన్నరు. అచ్చిన,” అన్నాడు. “మా అవ్వ దొరికింది. తుమ్మచెట్ల కాడ.”

కంప్యూటర్ దగ్గర సాయలి లేచి నిలబడింది. గౌరవ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపుకు ఆమె తల దించుకుంది.

“మిషిన్ ఆపు,” అన్నాడు అంబదాస్.

గణపతి పిల్లలు తమ బ్యానరు గురించి ఏమీ అడగలేదు. ఒకడు బెంచీ మీంచి లేచి హన్మంతుకు చోటిచ్చాడు. ఒకరి వెనక ఒకరు బయటికి పోయి వానలో నిలబడ్డారు.

నిలేష్ ఫొటో పెట్టబోతుంటే హన్మంతు అన్నాడు. “విడిగ వద్దు బాబు. ఇద్దరిని ఒక్క దాని మీదనే పెట్టు. పాతది తీసేస్త.”

“అట్లనే అన్నా.”

“బతికినన్ని దినాలు ఇద్దరికి పడలే. ఒక పొయ్యి మీద వండుకోలే. అయినా ఒక్క దాని మీదనే పెట్టు.” కాసేపు తెర వైపు చూశాడు. “అవ్వను ముందు పెట్టు. లేకుంటే కొట్లాడ్తది.”

నిలేష్ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ లేచి పక్కకు పోయాడు. సాయలి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. జనాబాయిని ముందు పెట్టింది, కోడలిని పక్కన పెట్టింది. ఇద్దరి మొహాలూ ఒక్క పరిమాణంలో వచ్చేలా సరిచేసింది. హన్మంతు చూసి తల ఊపాడు. విశ్వేశ్వర్ గోడకు ఆనుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. అంబదాస్ బ్యానరు చుట్టి ఇచ్చాడు. వాళ్ళు పోయారు.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా ఆగి గౌరవ్ తలుపు సగం మూశాడు.

“బస్. అయిపాయె నీ పుణె తెలివి. తీసెయ్ గోడ మీదియన్ని. రేపటి సంది దుకాణం మెట్లు ఎక్కకు. ఈ సందుల మా బాపు ఎంత కాలం సంది కూసున్నడు? ఒక్కడన్న వేలు చూపిండా? ఇయ్యాల ఆ పిల్లల ముందట నా మొహం ఎక్కడ పెట్టుకోవాలె?”

“మీట నొక్కింది మీరే గదా,” అంది సాయలి మెల్లగా.

“నొక్కమన్నదెవ్వరు? నాకు ఎర్కనా అండ్ల ఏమున్నదో!”

సాయలి కంప్యూటర్ వైపు తిరిగింది. కంప్యూటర్‌లో ఆ సందేశాన్ని పూర్తిగా తీసేసింది. తర్వాత వెనక్కి జరుపుతూ చూసింది. తాను పెట్టిన రోజు నుంచీ అది ఎవరెవరికి పోయిందో కనబడుతూ ఉంది. దుకాణాలవాళ్ళకు, కోచింగ్‌వాళ్ళకు, పెళ్ళివాళ్ళకు. వాళ్ళ మధ్యలో తెల్ల చీటీలవాళ్ళకూ పోయింది. ప్రతి ఒక్కరికీ. హిమాయత్‌నగర్‌లో ఒక ఇల్లు. నాయ్‌గావ్‌లో ఒకటి. ఊళ్ళోనే కొన్ని. వాళ్ళలో ఒక్కరు కూడా ఫోన్ చేసి అడగలేదు. చదువుకుని, ఊరుకుని ఉంటారు.

“అందరికి పోయింది మామా,” అంది.

అంబదాస్ ఆమె వెనక నిలబడి చూశాడు. ఆ పేర్లన్నీ ఆయనకు గుర్తున్నాయి. నీళ్ళిచ్చిన చేతులు గుర్తున్నాయి. ఆ మనుషులు ఫోను తెరిచి నవ్వు మొహం చూసి ఉంటారు. అప్పుడు వాళ్ళకు గుర్తొచ్చింది సాయలి కాదు. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. గుర్తొచ్చింది కుర్చీలోంచి లేచి నిలబడిన ముసలాయనే.

సాయలి గోడ దగ్గరికి పోయి చీటీలు ఊడదీయడం మొదలుపెట్టింది. కొన్ని చేతిలోకి వచ్చాయి, కొన్ని కింద పడ్డాయి.

“గౌరవ్,” అన్నాడు అంబదాస్. “ఆమె నన్ను అడిగింది.”

“ఏమని?”

“ఏమేం వేరే ఉంటయని. రెండు చెప్పి అంతే అన్న.”

“నువ్వు ఎందుకు చెప్తవ్ బాపు? గది కూడ చెప్పాల్నా? చావింటోన్ని మల్ల రమ్మనొద్దని పుట్టినోనికల్ల ఎర్కే. ఈమెకు ఎర్క లేదా?”

“నాకు ఎర్కే,” అంది సాయలి, చీటీ చేతిలో పట్టుకుని. “నోటితోని నేను ఎన్నడన్న అంటనా? రాసేటప్పుడు గిరాకీలు అనుకున్న. గిరాకీలల్ల వాళ్ళు గూడ ఉంటరని...” చేతిలో చీటీని మడత పెట్టింది.

గౌరవ్ షట్టరు లాగాడు.

ఇంట్లో అప్పటికే తెలిసిపోయింది. విమలాబాయి కోడలికి కత్తిపీట ముందుకు జరిపింది. “మంచిదే అయింది. ఇప్పటికన్న నాకు ఒక చెయ్యి అందుతది,” అంది. అందులో కోపం లేదు. అంతకంటే చల్లగా ఉంది. సాయలి కూర్చుని బీరకాయలు తరిగింది. అంబదాస్ వసారాలో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉన్నాడు. తన జీవితంలో మాట్లాడి చెడగొట్టింది ఏదీ లేదని ఆయనకు లోలోపల ఒక గర్వం ఉండేది. మాట్లాడకుండా కూడా చెడగొట్టవచ్చునని ఎన్నడూ అనుకోలేదు. ఆ పిల్ల స్టూలు వేసుకుని కూర్చుని ఇంకా, ఇంకా అని అడిగింది. చెప్పే ఓపిక లేక కాదు. చెప్పాల్సిన సంగతి అని తోచనే లేదు. తన తండ్రి తనకు చెప్పలేదు, తను గౌరవ్‌కు చెప్పలేదు. పక్కన నిలబడి చూస్తే వచ్చేసింది. గోడ మీద గడులకు చూడడం రాదు గదా.

తెల్లవారింది. అంబదాస్ స్నానం చేసి ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, “సాయలీ, తయారు కా. ముఖేడ్ దిక్కు పోదాం,” అన్నాడు.

విమలాబాయి చేతిలో పిండి అట్లాగే ఉండిపోయింది. “చావింటికి కొత్త కోడల్ని తీస్కపోతవా? ఏమన్న మతి ఉన్నదా? ఏం పని ఆమెకు ఆడ?”

“దుకాణం పని.”

“దుకాణం పని గౌరవ్ చూస్కోడా?”

“ఆమె చూస్తది,” అన్నాడు అంబదాస్. చెప్పులు తొడుక్కున్నాడు.

బస్సులో కిటికీ పక్కన సాయలి కూర్చుంది. చేలల్లో సోయా మొక్కలు ఒక వైపుకు పడుకుని కుళ్ళిపోతున్నాయి. నాయ్‌గావ్ దాటుతుండగా ఫోను మోగింది.

“బాపు, ఎక్కడున్నవ్?” గౌరవ్ అరుస్తున్నాడు. “కోచింగ్ వాళ్ళు అచ్చి కూసున్నరు. గణపతోళ్ళు గల్లీల నిలవడ్డరు. ఏ పని ఎక్కడిదాకా అచ్చిందో నాకు తెలుస్తలేదు. గోడ మీద సగమే ఉన్నయ్. ఆమెను అడుగు.”

“కింద పడ్డయి ఏరు,” అన్నాడు అంబదాస్. “ఎక్కడియి అక్కడ పెట్టు.”

“ఎక్కడియి ఎక్కడనో నాకేం ఎర్క?”

అంబదాస్ ఫోను కోడలి చేతికిచ్చాడు. ఆమె తడబడుతూ మొదలుపెట్టింది. ఆకుపచ్చది పెళ్ళివాళ్ళది, మూడో గడిలో. పసుపుది చూపించాం గానీ సరే అనలేదు. కాసేపటికి ఆమె గొంతు సర్దుకుంది. అవతల నిలేష్ “వహిని, నీలిది నా బూటుకు అతుక్కున్నది” అనడం అంబదాస్‌కు కూడా వినబడింది.

ముఖేడ్‌లో దిగి, ఆటో పట్టుకుని, బురదలో కొంత నడిచి ఆ ఊరు చేరారు. ఊరివాళ్ళు బడిలో ఉంటున్నారు. బడి ముందర రెండు కర్రలకు బ్యానరు కట్టి ఉంది. అత్త ముందు, కోడలు పక్కన. వరండాలో హన్మంతు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. విశ్వేశ్వర్ వీళ్ళను చూసి లేచి అడ్డం వచ్చాడు.

“ఇప్పుడేం చెప్పనీకి అచ్చిండ్రు?”

అంబదాస్ అక్కడే నిలబడ్డాడు. “ఈమె నా కోడలు. దుకాణం ఈమెనే చూస్తది. ఏమేం చెయ్యొద్దని నన్ను అడిగింది. నేను చెప్పలే. తప్పు నాది. ఆ మాట చెప్పి పోదామని అచ్చినం.”

ఆయన నోట ఒక్కసారి అన్ని మాటలు రావడం సాయలి ఎన్నడూ వినలేదు. విశ్వేశ్వర్ ఏదో అనబోయి, ముసలాయన కాళ్ళకు మోకాళ్ళ దాకా అంటిన బురద చూసి, పక్కకు తప్పుకున్నాడు.

హన్మంతు తన ఫోన్ తీశాడు. సాయలి వైపు చాపాడు.

“అమ్మా, నీకు ఎర్కుంటది గదా. ఇది తీసెయ్యి. నాకు తీసుడు రాదు. రఖమ ఫొటో చూద్దామని తెరిస్తే ముందుగాల ఇదే కనబడ్తది.”

సాయలి కింద కూర్చుంది. ఫోన్ తీసుకుని ఆ సందేశం తుడిచేసింది. దుకాణం పంపిన రఖమాబాయి ఫొటోను తెర మీదికి తెచ్చి, తెరవగానే అదే కనబడేలా పెట్టి, తిరిగి ఇచ్చింది. హన్మంతు చూసుకున్నాడు. ఎవరో వచ్చి ముగ్గురికీ నల్ల ఛాయ్ ఇచ్చారు. తాగారు.

మధ్యాహ్నం బురదలో వెనక్కి నడిచి వచ్చారు. ముఖేడ్ బస్టాండులో నాందేడ్ బస్సు నిలబడి ఉంది. సాయలి దాని వైపు నడవబోయింది. అంబదాస్ ఆగమన్నట్టు చెయ్యి చూపించి కండక్టరును అడిగాడు.

“నాయ్‌గావ్‌ల ఆగుతదా?”

ఆగుతుందన్నాడు. అక్కడి దాకానే ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాడు. అక్కడ కూడా ఆ సందేశం పోయిన ఇల్లొకటి ఉంది.